‘దేవుడు చెప్పినాడు’ అంటే మా అవ్వ అంత తొందరగా నమ్మేది కాదు

మా జమ్మలమడుగు ఇంట్లో పెద్ద పని ఏది మొదలుపెట్టినా ముందు ఒక ప్రశ్న వచ్చేది: "దేవుని చిత్తం తెలుసుకున్నారా?" పెళ్లి సంబంధమైనా, ట్రాన్స్‌ఫర్ అయినా, చేన్లో బోరు అయినా అంతే. పక్క చేను వాళ్లు బోరు పాయింట్ పెట్టించడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచే మనిషిని పిలిపించేవాళ్లు. మా తాత ఉపవాస ప్రార్థన పెట్టించేవాడు. ప్రార్థన అయ్యాక, ఎందుకైనా మంచిదని, ఆ టెంకాయ మనిషినీ పిలిచేవాడు. "దేవుడు చెప్పింది సాలక టెంకాయను అడుగుతాండావా?" అని అవ్వ నిలదీస్తే తాత తువ్వాలు దులుపుకుని బయటికి పోయేవాడు. నీళ్లు పడ్డాయా అంటే, ఒకసారి పడ్డాయి, ఒకసారి పడలేదు. సీమలో బోర్ల సంగతి తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

మాది లండన్ మిషన్ కాలం నుంచి వస్తున్న క్రైస్తవ కుటుంబం. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1822లో కడపలో పని మొదలుపెట్టారు. తర్వాత చాలా ఏళ్లకు జమ్మలమడుగులో ఆసుపత్రి పెట్టారు. ఊళ్లో వాళ్లకు అది క్యాంబెల్ ఆసుపత్రి. అవ్వ అక్కడే ఆయాగా చేసి రిటైరైంది. 1947లో ఈ మిషన్ సంఘాలు సి.ఎస్.ఐ.లో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో, కలిసిపోయాయి కానీ, అవ్వకు మాత్రం చివరిదాకా అది "మిషను గుడి"నే.

అవ్వ బడి మొహం చూడలేదు. అయినా కీర్తనల గ్రంథం చాలా భాగం నోటికి వచ్చు. పొద్దున ఆసుపత్రిలో పని మొదలయ్యే ముందు చేసే ప్రార్థనలో విని విని పట్టుకున్నది కొంత, బైబిల్ ఉమన్ అని పిలిచే మిషను ఆడవాళ్లు ఇంటింటికీ వచ్చి వల్లె వేయించింది కొంత. 1980ల చివర్లో నాకు కూడబలుక్కుని చదవడం వచ్చాక, సాయంత్రం వాక్యం చదివే పని నా నెత్తిన పడింది. కరెంటు ఉండేది తక్కువ, పోయేది ఎక్కువ. నాప బండల అరుగు మీద లాంతరు పెట్టుకుని నేను చదువుతుంటే, ఆమె చాటలో శనగలు పోసుకుని రాళ్లు ఏరుతూ వినేది.

చాలా రోజులు ఏమీ జరిగేది కాదు. అధ్యాయం అయిపోతుంది, ప్రార్థన, సంగటి ముద్ద, నిద్ర. ఎప్పుడో ఒకరోజు చాటలో చేతులు ఆగిపోయేవి.

"ఉండమ్మీ. ఆ ముక్క ఇంగోసారి సదువు."

చదివేదాన్ని. మళ్లీ అడిగేది. అంతే. ఆమెకు ఏం తగిలిందో నాకు చెప్పేది కాదు. రెండు రోజులకో వారానికో ఆమె చేసే పనిని బట్టి మేమే ఊహించుకోవాలి.

ఒకసారి మత్తయి సువార్త ఐదో అధ్యాయం చదువుతున్నాను. అర్పణ పట్టుకుని బలిపీఠం దగ్గర నిలబడ్డప్పుడు, నీ మీద నీ సహోదరునికి విరోధం ఏదైనా ఉందని గుర్తొస్తే, ఆ అర్పణను అక్కడే విడిచిపెట్టి ముందు పోయి సమాధానపడు అని యేసు చెప్పే చోటు. చేతులు ఆగిపోయాయి. అవ్వకు తన తోటికోడలితో, అంటే మా పెద్దవ్వతో, నేను పుట్టకముందు నుంచీ మాటల్లేవు. ఇల్లు పంచుకున్నప్పుడు పెరట్లో గోడ దగ్గర వచ్చిన తగాదా. ఇద్దరూ ఒకే గుడికి వస్తారు, ఒకే చాప మీద ఆ కొసన ఒకరు ఈ కొసన ఒకరు కూర్చుంటారు. ఆ ఆదివారం అవ్వ కొంగున కట్టుకున్న కానుక డబ్బులు అట్లే పెట్టుకుని, గుడి మలుపు దగ్గర పెద్దవ్వ ఇంటి వైపు తిరిగింది. ఆరాధన అయిపోయేదాకా ఇద్దరూ రాలేదు.

వచ్చాక మొహం ఏమీ వెలిగిపోలేదు. అవమానం మింగిన మనిషి మాదిరి ఉంది. నేను ఊరుకుంటానా, అడిగేశాను. దేవుడు నీతో మాట్లాడినాడా అని.

"మాట్లాడకుంటే నేను ఆ గడప తొక్కుతానా? నాకు ఇష్టం లేంది చెప్పినాడు గాబట్టి ఆయనే అనుకున్యా. నాకు ఇష్టమైంది చెప్పేదానికి నా మనసే సాలు గదా."

ఇన్నేళ్లలో దేవుని స్వరం గురించి చాలా ప్రసంగాలు విన్నాను. ఈ ఒక్క మాట నన్ను వదలలేదు. అయితే ఆ కొలత అన్నిటికీ సరిపోతుందని నేననుకోను. తాత పోయిన వారంలో అవ్వ 34వ కీర్తనే పదేపదే చదివించుకుంది. విరిగిన హృదయం ఉన్నవాళ్లకు దేవుడు దగ్గరగా ఉంటాడనే మాట ఉంది అందులో. అది ఆమెకు ఇష్టం లేని మాట కాదు కదా. దేవుడు గద్దించడానికే నోరు తెరుస్తాడంటే అదీ ఒక మూఢనమ్మకమే.

సండే స్కూల్లో మాకు బాగా నచ్చిన కథ సమూయేలుది. మందిరంలో పడుకున్న పిల్లాడు, రాత్రి పేరు పెట్టి ఎవరో పిలిస్తే యాజకుడు ఏలీ ముసలాయన పిలిచాడనుకుని లేచి పరిగెత్తడం. ఎండాకాలం మిద్దె మీద పడుకున్నప్పుడు నేనూ చెవులు రిక్కించి వినేదాన్ని. గండికోట వైపు నుంచి వచ్చే వేడిగాలి, ఎర్రగుంట్ల రోడ్డు మీద లారీలు తప్ప ఏమీ వినపడేది కాదు. మా పాస్టర్ అయ్యగారిని అడిగితే ఆయన కథలో నేను చూడని చోటు చూపించారు. ఆ గొంతు దేవునిదని సమూయేలుకు తెలియదు. తెలిసింది ఏలీకి, అదీ మూడోసారికి. తన సొంత ఇంటి మీద తీర్పు చెప్పబోతున్న గొంతును గుర్తుపట్టి పిల్లాడికి దారి చూపినవాడు ఆ ముసలాయన. "దేవుడు పిల్లాడితోనే మాట్లాడినా, పక్కన పెద్ద ఒకరు కావాల్సొచ్చింది చూడు" అన్నారు అయ్యగారు.

ఆయన బోధ మొత్తానికి పునాది హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయం. పూర్వం ప్రవక్తల ద్వారా రకరకాలుగా మాట్లాడిన దేవుడు, చివరికి తన కుమారుని ద్వారా మాట్లాడాడు. చెప్పవలసిన పెద్ద మాట చెప్పేశాడు. ఆ మాట లేఖనాల్లో ఉంది. పరిశుద్ధాత్మ ఇప్పుడు చేసేది ఆ మాటను నీ బతుకులో ఫలానా చోట తగిలేటట్టు చేయడం. కొత్త బైబిల్ రాయించడం కాదు. సి.ఎస్.ఐ.లో పెరిగిన మాలాంటివాళ్లు చాలామందికి దేవుడు మాట్లాడడం అంటే ఇదే. నెమ్మదిగా ఉంటుంది, కొంచెం చప్పగా కూడా ఉంటుంది. ఆ వయసులో నాకు అస్సలు చాలేది కాదు.

నాకు కావాల్సిన టెన్షన్ అంతా డిసెంబర్ 31 రాత్రి దొరికేది. పదకొండు దాటాక గుడి కిటకిటలాడేది. శాలువాలు కప్పుకుని నిద్ర ఆపుకుంటున్న పిల్లలు, కొత్త బట్టల కంజి వాసన, పన్నెండు కొట్టగానే గంట. ఆరాధన అయ్యాక ముందు బల్ల మీద పళ్లేల్లో వాగ్దానం కార్డులు బోర్లించి పెట్టేవాళ్లు. ఒక్కొక్కరే పోయి ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. పైన గులాబీ బొమ్మో కొండల బొమ్మో, కింద ఒక వచనం. ఆ ఏడాదంతా దేవుడు నీకిచ్చిన మాట అదే. ఇంటికొచ్చే దారిలో "నీకేం వాగ్దానం వచ్చింది?" అని ఒకరినొకరు అడగడమే. పిల్లల్లేని మా అత్తకు "ఫలించుదువు" అనే మాట ఉన్న వచనం వస్తే ఆడవాళ్లందరూ ఆమెను చుట్టేసి ఏడ్చారు. ఆ ఏడు ఆమె కడుపు పండలేదు. కార్డు మాత్రం బీరువా తలుపుకు లోపలి వైపు అంటించే ఉంచుకుంది. ఎందుకు అని ఎవరూ అడగలేదు.

ఇది మన తెలుగు సంఘాల్లోనే పుట్టిన అలవాటని చిన్నప్పుడు అనుకునేదాన్ని. తర్వాత చదివితే తెలిసింది, జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్ సహోదరులు రోజుకొక వచనాన్ని ఇంటింటికీ చెప్పడం 1728లో మొదలుపెట్టారట. 1731 నుంచి ఏటా పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. ఆ వచనాలను ఇప్పటికీ చీటీలు తీసే ఎంచుతారు. మన వాగ్దానం కార్డుకు అదే నేరుగా మూలమని నేను చెప్పలేను గానీ, రెండింటిలోనూ ఆశ ఒకటే: ఇంత పెద్ద గ్రంథంలో ఈ రోజు నా కోసం ఒక్క మాట.

అందరికీ తెలిసిన వాగ్దానం యిర్మీయా 29:11. మీ గురించి నాకున్న ఉద్దేశాలు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే వచనం. అది వచ్చిన ఏడాది నేను ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. టెన్త్ పరీక్షలు ముందున్నాయి మరి. అవ్వ కార్డు చేతిలోకి తీసుకుని, బొమ్మ చూసి, తిరిగి ఇచ్చింది. "ముందు యెనకా ఏముందో సదువు." చదివితే దాని ముందు వచనంలోనే డెబ్బై ఏళ్లు అని ఉంది. బబులోనుకు చెరగా పోయిన యూదులతో, అక్కడ డెబ్బై ఏళ్లు గడిచాక గాని మిమ్మల్ని వెనక్కి తీసుకురాను అని. అంటే ఆ మాట మొదట విన్న పెద్దవాళ్లలో చాలామంది ఆ విడుదలను కళ్లతో చూడలేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం బాగు కోసం ప్రార్థన చేయండి అని అంతకు కొంచెం పైన ఉంది. నాకు నీరసం వచ్చింది. అవ్వకు అదే నచ్చింది. "ఇదీ దేవుని మాట" అంది. గులాబీ బొమ్మ కింద ఇంత సంగతి పట్టదు పాపం.

1990లు వచ్చాక మా ఇంట్లో వాతావరణం మారింది. చిన్నాయన ఊరి చివర రేకుల షెడ్డులో నడిచే పెంతెకొస్తు సంఘానికి పోవడం మొదలుపెట్టాడు. అక్కడ చప్పట్లు, కన్నీళ్లు, ఆత్మ పూనికతో తెలియని భాషల్లో మాట్లాడడం, ప్రవచనాలు. ఒక మనిషి లేచి, ఇంకో మనిషి పేరు పట్టి, దేవుడు నీకు ఇట్లా సెలవిస్తున్నాడు అని చెప్పడం మాకు బొత్తిగా కొత్త. తాతకు ఒళ్లు మండింది. రాత్రి భోజనాల దగ్గర తండ్రీకొడుకుల వాదన ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఏలీయా ప్రవక్త కొండ మీద నిలబడితే పెనుగాలిలో దేవుడు లేడు, భూకంపంలో లేడు, అగ్నిలో లేడు, నిమ్మళమైన స్వరంలో ఉన్నాడు గదరా అని తాత. పెంతెకొస్తు దినాన శిష్యులున్న మేడగదిలోకి దేవుడు వచ్చిందే గాలి చప్పుడుతో, అగ్ని నాలుకలతో గదా నాయనా అని చిన్నాయన. ఇద్దరి చేతుల్లోనూ బైబిలే, ఇద్దరూ చెప్పేది అందులో ఉన్నదే.

ఆఖరికి అయ్యగారిని పిలిచారు. ప్రవచనాలు ఆగిపోతాయని పౌలు మొదటి కొరింథీ 13లో రాశాడు, పూర్ణమైనది వచ్చాక ఆగిపోతాయన్నాడు. ఆ పూర్ణమైనది బైబిలే, అది పూర్తయింది కాబట్టి ప్రవచనాలకు పని లేదని తాత గట్టిగా పట్టుకున్నాడు. ప్రపంచమంతటా ఈ పక్షాన నిలబడే క్రైస్తవులు చాలామంది ఉన్నారు. అయ్యగారు మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, "అదే చోట అప్పుడు ముఖాముఖిగా చూస్తాం అని కూడా ఉంది పెద్దాయనా. మనమింకా ముఖాముఖిగా చూడలేదు గదా" అన్నారు. చిన్నాయన గెలిచినట్టు లేచి నిలబడ్డాడు. అయ్యగారు ఆయన్నీ కూర్చోబెట్టారు. ప్రవచనాన్ని తృణీకరించవద్దని థెస్సలొనీక సంఘానికి రాసిన పౌలే, వెంటనే అన్నిటినీ పరీక్షించి మేలైనది పట్టుకోమన్నాడు. మొదటి సగం మా గుడి మర్చిపోయింది, రెండో సగం మీ షెడ్డు మర్చిపోతోంది అన్నారు. ఆ రాత్రి అన్నం తిన్నది అయ్యగారు ఒక్కరే.

పెంతెకొస్తు వాళ్ల చరిత్ర చెప్పేటప్పుడు అమెరికాలో లాస్ ఏంజిలిస్ అజూసా వీధిలో 1906లో వచ్చిన ఉజ్జీవంతో మొదలుపెడతారు. అంతకు ముందు ఏడాదే, 1905లో, పూణె దగ్గర పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో వితంతువులు, అనాథ పిల్లల మధ్య ఇట్లాంటి ఉజ్జీవమే వచ్చింది. ఇదంతా అమెరికా నుంచి దిగుమతైన హడావిడి అని తాత అన్నప్పుడల్లా చిన్నాయన ఇది ఎత్తిచూపేవాడు. ఈ విషయంలో నేను చిన్నాయన పక్షమే.

పరీక్ష అంటే ఏమిటో మా ఇంటికి త్వరలోనే తెలిసొచ్చింది. బయటి ఊరి నుంచి ప్రసంగానికి వచ్చిన ఒకాయన, చిన్నత్తను ఫలానా అబ్బాయికి ఇవ్వాలని దేవుడు తనకు దర్శనంలో చూపించాడని చెప్పాడు. అబ్బాయి మంచివాడే, ప్రొద్దుటూరులో బట్టల కొట్లో పని. చిన్నాయన సంతోషానికి అంతు లేదు. తాతకు కూడా, విచిత్రంగా, లోపల ఆశ పుట్టింది. కట్నం అడగరు అని తెలిసింది లెండి. చిన్నత్త అప్పుడు నర్సింగ్ చదువుతోంది. వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఏమీ మాట్లాడలేదు. అవ్వ మాత్రం ఆ దైవజనుడికి కాఫీ ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుని, చాలా మర్యాదగా అడిగింది.

"అయ్యా, దేవుడు మీకు చెప్పినాడు, సంతోషం. పిల్ల యీడనే ఉండాది. ఆమెకు యెందుకు చెప్పలేదో రొంత అడిగి చెప్తారా?"

సంబంధం అక్కడితో ఆగింది. చిన్నత్త చదువు పూర్తి చేసుకుని ఉద్యోగంలో చేరింది, తనకు నచ్చినప్పుడు పెళ్లి చేసుకుంది. ఆ అబ్బాయి కూడా బాగానే ఉన్నాడు, ఇప్పుడు సొంత కొట్టు. కాబట్టి ఆ దర్శనం నిజమా అబద్ధమా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. పలికింది జరగకపోతే అది యెహోవా చెప్పిన మాట కాదని ద్వితీయోపదేశకాండంలో ఉంది. కానీ దర్శనం చెప్పినవాళ్లు, వినకపోవడం వల్లే జరగలేదు అంటే, ఆ కొలబద్ద చేతిలో ఉన్నా ఏం లాభం? అవ్వ అడిగిన ప్రశ్న అందుకే గట్టిది. జరిగేదాకా ఆగక్కర్లేదు. ఎవరి బతుకు గురించైతే చెబుతున్నారో ఆ మనిషిని ముందు అడగాలి.

మా మేనత్త ఒకామె కడప మరియాపురంలో కథోలిక కుటుంబానికి కోడలుగా పోయింది. సెలవులకు వచ్చినప్పుడు ఈ గొడవలన్నీ విని నవ్వేది. వాళ్ల సంఘం బోధ ప్రకారం అందరికీ కావలసిన ప్రత్యక్షత, అంటే దేవుడు తనను తాను తెలియజేసుకోవడం, క్రీస్తుతోనూ అపొస్తలులతోనూ సంపూర్ణమైంది. తర్వాత ఫ్రాన్స్‌లో లూర్దులోనో పోర్చుగల్‌లో ఫాతిమాలోనో జరిగినట్టు ఎవరికైనా దర్శనం కలిగితే సంఘం ఏళ్ల తరబడి విచారిస్తుంది. మంచిదే అని ఒప్పుకున్నా అది విశ్వాస సత్యాల్లో కొత్తగా చేరదు. "మాకు దేవుడు చెప్పినాడంటే ముందు బిషప్ గారు వినాల" అనేది. అంత ఆలస్యమైతే దేవునికి విసుగు రాదా అని చిన్నాయన అనేవాడు. హెబ్రోను సహవాసం వాళ్లు ఇంకో తీరు. భక్త్ సింగ్ గారి బోధలో పెరిగినవాళ్లు మోకాళ్ల మీద కనిపెట్టి, అంటే జవాబు కోసం ప్రార్థనలో ఎదురుచూసి, దేవుని చిత్తం తెలిసిందన్న నెమ్మది వచ్చేదాకా అడుగు కదపరు. మా వీధి చివర ఆ సహవాసానికి పోయే టీచరు ఒకాయన ఉండేవారు. సైకిల్ కొనడానికి కూడా ప్రార్థనలో కనిపెట్టేవారని పిల్లలం ఎగతాళి చేసేవాళ్లం. ఇప్పుడు ఇ.ఎం.ఐ.లు కడుతున్న మనిషిగా ఆ ఓపిక అంటే నాకు గౌరవం పెరిగింది.

ఈ మధ్య పొద్దున లేచేసరికి ఫోన్లో ఏడెనిమిది వాగ్దానాలు ఉంటాయి. బంధువుల గ్రూపు, గుడి గ్రూపు, స్కూలు స్నేహితుల గ్రూపు. వీడియోల్లో ఎవరో ఒకాయన కళ్లు మూసుకుని, ఇది చూస్తున్న నీతోనే దేవుడు మాట్లాడుతున్నాడు, ఆమెన్ అని కామెంట్ పెట్టు అంటాడు. లక్షల మంది చూస్తున్న దాంట్లో ‘నీతోనే’ అంటే ఎవరితో? వీళ్లందరూ మోసగాళ్లని అనను. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్లకు అందులో ఒక మాట ఊపిరి పోసిందంటే నేను కాదనలేను. నాకు కొదువగా కనిపించేది ఒకటే. ఆ వచనానికి ముందు వెనకా చదవమని అడిగే మనిషి ఆ గ్రూపుల్లో లేదు. మనకు ఇష్టం లేని వచనం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. తోటికోడలితో సమాధానపడమనే కార్డు ఇప్పటిదాకా ఒక్కటి కూడా నా ఫోనుకు రాలేదు.

చిన్నాయన ఇప్పుడు ఎర్రగుంట్లలో చిన్న సంఘానికి పాస్టరు. భాషలూ ప్రవచనాలూ ఏవీ వదల్లేదు. తాత లేకపోయినా వాదనకు నేనున్నాను కాబట్టి ఫోన్ చేస్తుంటాడు. పోయిన నెల ఒక సంగతి చెప్పాడు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడొకడు ప్రార్థన అయ్యాక వచ్చి, ఉద్యోగం మానేసి సేవకు రమ్మని దేవుడు తనతో స్పష్టంగా మాట్లాడాడని చెప్పాడట.

"నువ్వేమన్నావు చిన్నాయనా?"

"మంచిది నాయనా, మీ ఇంటామెకు గూడా చెప్పినాడా అని అడిగినా. ఇంకా ఆమెకు తెలీదన్నాడు. పోయి ఆమెతో మాట్లాడి, ఈ నెల జీతం తెచ్చి ఆమె చేతికిచ్చి, అప్పుడు ఇద్దరూ కలిసి రాండి, అందరం ప్రార్థన చేద్దాం అన్యా."

ఇది అవ్వ మాట కదా అన్నాను. చిన్నాయన ఒప్పుకోలేదు. "అవ్వ మాటేంది, పౌలు మాట. మొదటి కొరింథీ 14:29 చూసుకో పో" అని ఫోన్ పెట్టేశాడు. చూశాను. ప్రవక్తలు ఇద్దరో ముగ్గురో మాట్లాడవచ్చు, మిగిలినవాళ్లు వివేచించాలి అని ఉంది.